చెవికి రెండు మాటలు
(ఉపకార వేతనాల ప్రదాన సభలో చేసిన ప్రసంగ పాఠం)

ఉపకార వేతనాలు అందుకున్న విద్యార్థినీ విద్యార్థులకు, వారి తల్లిదండ్రులకు అభినందనలు.

మీలో కొందరు స్పానిష్ నేర్చుకుంటున్నారని విన్నాను. వారికోసం ఒక చిన్న సంగతి. ఒంటి భాగాల పేర్లు ఏ భాషలోనైనా మొదటి పాఠాల్లోనే వస్తాయి. సులువే కదా అని దాటేస్తాం. చిక్కు అక్కడే ఉంది.

మనకు కమ్మ పెట్టుకునేదీ చెవే, లోపల చీము పట్టి పోటు పెట్టేదీ చెవే. ఇంగ్లీషులోనూ ఒకటే మాట. స్పానిష్‌లో అలా కుదరదు. బయటికి కనిపించే డొప్ప 'ఒరేహా'. లోపలి భాగం 'ఒయీదో', వినికిడికి కూడా అదే మాట. జలుబు చేసి చెవిపోటు వస్తే 'మే దువేలే ఎల్ ఒయీదో' అనాలి. 'ఒరేహా' అన్నారో, డాక్టరు ముందు తమ్మె చూస్తాడు!

కాలూ అంతే. తొడ నుంచి వేళ్ళ దాకా మనకు కాలే. అక్కడ పాదం 'పియే', దాని పైది 'పియెర్నా'. కాలికి ముల్లు గుచ్చుకుందంటే మామూలుగా 'పియే'. కాలు విరిగిందంటే మాత్రం ఎక్కడ విరిగిందో అడిగి తెలుసుకోవాలి. 'పాతా' అనే మాటా ఉంది, అది పశువు కాలికి, బల్ల కాలికి. మనిషికి వాడితే వేళాకోళం.

ఇదంతా చాదస్తమని తల్లిదండ్రులు అనుకోవచ్చు. 1980లో అమెరికాలోని ఫ్లోరిడాలో పద్దెనిమిదేళ్ళ కుర్రవాడు స్పృహ తప్పాడు. క్యూబా నుంచి వచ్చిన ఆ కుటుంబం 'ఇంతోక్సికాదో' అన్నది. తిన్నదేదో పడలేదని వారి భావం. ఆస్పత్రివారు దాన్ని ఇంగ్లీషు మాటగా తీసుకుని, మత్తుమందు ఎక్కువైందనుకుని వైద్యం చేశారు. అసలు జరిగింది మెదడులో రక్తస్రావం. అది బయటపడేసరికి ఆలస్యమై, కాళ్ళూ చేతులూ పడిపోయాయి. పరిహారం అతని జీవితకాలానికి సుమారు 7 కోట్ల 10 లక్షల డాలర్లని లెక్క కట్టారు. దుబాసీగా పనిచేయాలనుకునేవారు ఈ కేసు తప్పక తెలుసుకోవాలి.

మనకొక సౌకర్యం కూడా ఉంది. 'నాకు తల నొప్పిగా ఉంది' అంటాం. తమిళంలో 'ఎనక్కు తల వలిక్కుదు', కన్నడంలో 'ననగె తలెనోవు'. స్పానిష్ 'మే దువేలే లా కబేసా'లో 'మే' అంటే 'నాకు' అనే. ఇంగ్లీషు మీదుగా వెళ్ళేవారు 'నా తల' అని మొదలుపెట్టి తడబడతారు. మీరు ఇంట్లో మాట్లాడే భాష నుంచే నేరుగా వెళ్ళండి. వేలికి కూడా, మనలాగే, చేతికైనా కాలికైనా ఒకటే మాట, 'దేదో'.

డిక్షనరీ కొనేటప్పుడు ఉదాహరణ వాక్యాలున్నదే కొనండి. నోటుబుక్కులో మనిషి బొమ్మ గీసి, ఏ మాట ఎక్కడిదాకా వర్తిస్తుందో గీత పెట్టి రాసుకోండి. ముందు చెవితో మొదలుపెట్టండి.

సెలవు.