ఇంటి వంట – ఇల్లాలి కాలం
(ఉపన్యాస పాఠం)



ఇటువంటి ఉత్సవాలలో గురువుల పాఠాలను, ఆటస్థలాన్ని, గెలుచుకున్న బహుమతులను తలచుకోవడం ఆచారం. డెబ్బై అయిదేళ్ల పాటు ఈ బడికి వచ్చిన పిల్లల చేతికి తెల్లవారకముందే సద్ది కట్టి పంపిన తల్లుల సంగతి మాత్రం సభలలో అంతగా ప్రస్తావనకు రాదు. నేటి ప్రసంగానికి విషయం ఆ సద్దిమూటే. ఇంటా బయటా పనిచేసే స్త్రీ తన వంటను ఎట్లా సులువు చేసుకోగలదు, ఆ సులువుకు ఇంటివారు ఏ మాత్రం తోడ్పడుతున్నారు అన్నదే విచారణ.

కేంద్ర ప్రభుత్వ గణాంక కార్యాలయం 2024లో కాలవినియోగంపై ఒక సర్వే జరిపింది. ఆరేళ్లు పైబడినవారిలో ఇంటిపని చేసే స్త్రీలు రోజుకు సగటున 289 నిమిషాలు జీతభత్యాలు లేని ఆ పనికి వెచ్చిస్తున్నారని, ఇంటిపనిలో చేయి పెట్టే పురుషులు వెచ్చించేది 88 నిమిషాలని అందులో తేలింది. 2019 నాటి సర్వేలో ఇవే అంకెలు 299, 97. అంటే అయిదేళ్లలో స్త్రీకి పది నిమిషాలు తగ్గితే పురుషునికీ తొమ్మిది తగ్గాయి. ఆమె దించిన బరువును అతడు ఎత్తుకోలేదన్నమాట. పైగా ఇది చేయి పెట్టేవారి లెక్క మాత్రమే. అసలు వంటింటి గడప తొక్కని పురుషులు ఈ సగటులో చేరనే లేదు.

ఇక ఈ సీమ సంగతి. చిక్కబళ్లాపురం, బాగేపల్లి, చింతామణి తాలూకాలు 2007లో చిక్కబళ్లాపురం జిల్లా ఏర్పడేవరకు కోలారు జిల్లాలోనివి. ఇక్కడి స్త్రీ ఏనాడూ వంటింటికే పరిమితమై ఉన్నది కాదు. తెల్లవారుజామున పాలు పితికి డెయిరీకి పోయాలి, సాయంత్రం మళ్లీ పోయాలి. చెనక్కాయలు పీకాలి, టమోటాలు కోయాలి. పట్టుపురుగులు పెంచే ఇంట నాలుగో జ్వరం తరువాతి మాట అడగనే అక్కరలేదు. పురుగు గూడు కట్టేముందు ఆ చివరి వారంలో రాత్రీ పగలూ ఆకు వేయవలసిందే. ఆ రోజులలో ఇంటివారి తిండి కన్నా పురుగుల తిండే ముఖ్యం. నేడు ఈ పనులకు ఉపాధ్యాయిని ఉద్యోగం, ఆసుపత్రి విధులు, గార్మెంట్సు కంపెనీ బస్సు, బెంగళూరు ప్రయాణం తోడయ్యాయి. పని మారినది గాని తీరిక లేకపోవడం పాతదే.

కనుకనే ఇక్కడి నిత్యపు వంట తీరికలేనివారు తీర్చిదిద్దిన వంట. ఉద్యోగినులకు సులభమైన వంటలని పత్రికలలో ఎన్నో కనిపిస్తుంటాయి. వాటిలో చాలావాటికన్నా అవ్వలు చేసిన బస్సారు తెలివైనది.

బస్సారు ఎరుగనివారు ఈ సభలో ఉండరు. అయినా దానిలోని యుక్తి ఎత్తి చెప్పదగినది. కందిబేడలో, అలసందలో, పెసలో సగం ఉడికిన తరువాత దొరికిన ఆకుకూరలు అదే పాత్రలో వేస్తారు. ఉడికినాక నీరు వంచేస్తారు. ఆ నీటికి ఎండుమిరప, ధనియాలు, జీలకర్ర, మిరియాలు, ఎర్రగడ్డ, తెల్లగడ్డ, కొబ్బెర, చింతపండు నూరి, అందులో ఉడికిన కూర ఒక పిడికెడు కలిపి మరగనిస్తే సారు. మిగిలిన కూరకు ఆవాలు, ఎండుమిరప తిరగమోత వేస్తే పల్యం. ఒకే పాత్ర, ఒకే మంట, రెండు వంటలు. కూర ఉడికిన నీటిలోకి దిగిన సారం మోరీ పాలు కాకుండా సారులోకి వస్తుంది. పైగా రెండవనాటికి సారు రుచి పెరుగుతుందే గాని తరగదు. రేపటి పొద్దుటి వంటలో సగం ఈ రాత్రే అయిపోయినట్టు.

దీనికి జోడు రాగిముద్ద. నలుగురికి రెండు గిన్నెల పిండి, నాలుగు గిన్నెల నీరు సుమారు కొలత. ముందు ఒక చెంచా పిండిని చల్లని నీటిలో కలిపి ఎసటిలో పోసి మరగనివ్వాలి. మిగిలిన పిండిని నడుమ కుప్పగా పోసి, తెడ్డుతో కలియబెట్టక, మధ్యలో ఒక రంధ్రం చేసి అయిదు నిమిషాలు సన్నని సెగపై వదలాలి. తరువాతనే తెడ్డు పట్టి గట్టిగా గెలకాలి. తొందరపడి ముందే కలిపితే ఉండలు కడుతుంది. ఇరవై నిమిషాలలో అయిపోయే ఈ పదార్థంలో పోషణకు కొదువ లేదు. వంద గ్రాముల రాగులలో సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది. అంతే తూకపు తెల్లబియ్యంలో దానిలో ఇరవయ్యో వంతు కూడా ఉండదు. మిగిలిన ముద్దను రాత్రి నీటిలో వేసి ఉంచి, పొద్దున మజ్జిగ, ఉప్పు, ఎర్రగడ్డ కలిపితే పొయ్యి వెలిగించనక్కరలేని ఫలహారం. పక్కన చెనక్కాయల ఊరిబిండి ఉంటే ఇంకేమి కావాలి! ఒకనాడు ఇది లేమికి గుర్తనుకొని సిగ్గుపడినవారు ఉన్నారు. 2023ను ఐక్యరాజ్యసమితి అంతర్జాతీయ చిరుధాన్యాల సంవత్సరంగా జరిపిన తరువాత అదే అంబలి నగరపు హోటళ్లలో గాజు గ్లాసులలో అమ్ముతున్నారు. ధర అడగకపోవడం మేలు.

మరి ఇంత సులువైన వంట చేతిలో ఉండగా ఇల్లాలికి తీరిక ఎందుకు చిక్కడం లేదు? కారణం వంటలో లేదు, కోరికలో ఉన్నది. పెద్దవారికి ముద్ద, పిల్లలకు అన్నం, ఇంటాయనకు చపాతీ, బడికి చిత్రాన్నం, సాయంత్రానికి దోసె. ఒక్కొక్కటి చిన్న పనే. అన్నీ కలిసి ఒక్కరి మీద పడితే పొయ్యి ఆరేది లేదు. దోసె సంగతే చూడండి. తినేవారు నలుగురు కూర్చుంటారు, పోసేవారు ఒకరు నిలబడతారు. చివరి దోసె ఆమెది, అప్పటికి చట్నీ ఉండదు. ఇది నవ్వుకోవలసిన మాట కాదు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో దేశంలో పదిహేను మొదలు నలభై తొమ్మిదేళ్ల స్త్రీలలో నూటికి 57 మందికి రక్తహీనత ఉన్నట్టు తేలింది. దానికి కారణాలు అనేకం. చివర మిగిలినది తినే అలవాటు వాటిలో ఒకటి. భోజనం చేసిన వెంటనే టీ తాగితే ఆహారంలోని ఇనుము ఒంటికి పట్టడం తగ్గుతుంది. ఆకుకూర మీద నిమ్మకాయ పిండుకుంటే పట్టడం పెరుగుతుంది. పైసా ఖర్చు లేని ఈ రెండు సంగతులు ప్రతి తల్లికీ తెలియాలి.

నీటి మాట కూడా ఇక్కడే. బాగేపల్లి ప్రాంతంలో అనేక గ్రామాల బోరునీటిలో ఫ్లోరైడు హెచ్చు. మరిగిస్తే క్రిములు చస్తాయి గాని ఫ్లోరైడు పోదు. నీరు ఆవిరై తరిగేకొద్దీ మిగిలిన నీటిలో దాని పాలు ఇంకా పెరుగుతుంది. తాగడానికి శుద్ధినీరు తెచ్చుకొని వంటకు బోరునీరు వాడే ఇళ్లవారు ఈ విషయం ఆలోచించాలి. ఆ క్యాను మోసుకొచ్చే పని మగపిల్లలకు అప్పగించవచ్చును.

పంచుకుంటే వంట ఎంత తేలికవుతుందో ప్రతి చలికాలంలో పితికిపప్పు చూపిస్తూనే ఉన్నది. అనపకాయలు ఒలిచి, గింజలు రాత్రంతా నానబెట్టి, ఒక్కొక్క గింజను వేళ్ల నడుమ ఒత్తి పప్పు జారవిడవాలి. ఏ యంత్రమూ ఆ పని అంత చక్కగా చేయదు. ఒంటరిగా కూర్చుంటే నడుము పడిపోయే పని. అయినా సంక్రాంతి దినాలలో ఏ ఇంట్లోనూ అది కష్టమనిపించదు, ఎందుకంటే తాత, మనుమడు, వచ్చిన చుట్టం అందరూ చేట చుట్టూ చేరతారు. కథలు నడుస్తాయి, పప్పు కుప్ప పెరుగుతుంది. కన్నడం చదివే పిల్లల నోట తెలుగు మాటలు నిలిచేది కూడా అక్కడే. చేట, జల్లెడ, తెడ్డు, రోలు, ఎసరు, తిరగమోత వంటి మాటలను ఏ వాచకమూ ఇంత గట్టిగా నేర్పలేదు. ఏడాదికి నెల రోజులు అందరూ చేసే పనిని తక్కిన పదకొండు నెలలు ఒక్కరికే వదలడం న్యాయమా?

తల్లి భారంలో కొంత బడి అందుకున్న మాట నిజం. 2001 నవంబరు 28న సర్వోన్నత న్యాయస్థానం ప్రాథమిక పాఠశాలల్లో వండిన భోజనం పెట్టాలని ఆదేశించింది. కర్ణాటకలో అక్షర దాసోహ పథకం 2002లో ఈశాన్య జిల్లాలలో మొదలై, మరుసటి ఏడు తక్కిన జిల్లాలకు వ్యాపించింది. 2013 ఆగస్టులో క్షీరభాగ్యం వచ్చింది, 2024 ఫిబ్రవరిలో పాలలో కలిపే రాగిజావ చేరింది. ఎన్నో ఇళ్లలో పొద్దుటి డబ్బా తొందర దీనితో తీరింది. ఆ బడి వంటశాలలో గరిటె పట్టినవారు కూడా ఇంటి వద్ద వంట ముగించుకొని వచ్చిన తల్లులేనని మాత్రం మరువరాదు.

సాయంత్రం బడి విడిచాక పిల్లల ఆకలి వేరే సమస్య. చింతామణి, చిక్కబళ్లాపురం బస్టాండు బేకరీల బన్ను, పఫ్ ఆ ఆకలి తీరుస్తున్నవి. అప్పుడప్పుడు తప్పు లేదు. ఇంట్లో ఓవెను లేకున్నా బేకింగ్ సాధ్యమే, అది పనివారికి అనువైన వంట కూడా. దోసె మనిషిని పెనం దగ్గర కట్టేస్తుంది. కేకు మూతపెట్టిన తరువాత ముప్పావు గంట మనిషిని వదిలేస్తుంది. ఆ ముప్పావు గంటలో లెక్కల నోటుపుస్తకాలు దిద్దుకోవచ్చు, బట్టలు మడత పెట్టుకోవచ్చు, ఏమీ చేయక కూర్చోనూవచ్చు.

అడుగు మందమైన పాత అల్యూమినియం పాత్ర చాలు. అడుగున రెండంగుళాల ఉప్పు పోసి, దానిపై ఒక స్టాండు ఉంచి, మూతపెట్టి పది నిమిషాలు వేడి చేయాలి. పాత కుక్కరు వాడేవారు గాస్కెట్టు, వెయిటు రెండూ తప్పక తీసివేయాలి, నీరు పోయరాదు. ముప్పావు గిన్నె గోధుమపిండి, ముప్పావు గిన్నె రాగిపిండి, చెంచాడు బేకింగ్ పౌడరు, అర చెంచా వంటసోడా, చిటికెడు ఉప్పు జల్లించాలి. వేరే గిన్నెలో ఒక గిన్నెడు బెల్లపుపొడి, ముప్పావు గిన్నె పెరుగు, అర గిన్నెకు కొంచెం తక్కువ నూనె, ఏలకుల పొడి కలిపి, పిండిలో చేర్చి, గరిటెజారుగా అయ్యేటంత పాలు పోయాలి. రాగిలో గోధుమకున్న జిగురు లేదు. అందుచేత పూర్తిగా రాగితోనే చేయబోతే కేకు సరిగా పొంగదు, సగం గోధుమ ఉండవలసిందే. నూనె రాసిన గిన్నెలో పోసి, స్టాండుపై పెట్టి, సన్నని సెగపై నలభై, నలభై అయిదు నిమిషాలు ఉంచాలి. పుల్ల గుచ్చితే తడి అంటకుండా రావాలి.

పిండి కొలిచేది, జల్లించేది ఏడవ తరగతి పిల్లవాడు చేయగలడు. గడియారం చూసి మంట ఆపేది పెద్దవారిలో ఎవరైనా చేయగలరు, అది తల్లే కానక్కరలేదు. ఇంటికి వచ్చేసరికి ఆమెకు కూడా ఒక ముక్క విడిగా తీసి ఉంచాలి. కోయడం మాత్రం చల్లారిన తరువాతనే. వేడిమీద కోస్తే రాగిపిండి కేకు పొడిపొడిగా రాలుతుంది.