యాత్రాబండికి షాక్ అబ్సార్బర్లు



వ్యానులో మంచములు, పొయ్యి, నీళ్లతొట్టి అమర్చి, దానినే బసగా జేసికొని యాత్ర సాగించువారు ఇప్పుడు అక్కడక్కడ కానవచ్చుచున్నారు. మా భజనమండలికిని అట్టి బండి యొకటి కలదు. పెంచలకోన, ఘటిక సిద్ధేశ్వరము, భైరవకోన త్రోవలు దానికి పరిచితములే. ఆత్మకూరు మీదుగా పోవు 67వ నెంబరు జాతీయ రహదారిపై అది సుఖముగా నడచెడిది. ఉదయగిరివైపు గ్రామములలోనికి తిరిగి, వాగుల చప్టాలను, స్పీడుబ్రేకర్లను దాటునప్పుడు మాత్రము వెనుకభాగము రెండు మూడు మారులు ఎగిరెగిరి పడుచుండెను. వెనుక గూర్చుండు వృద్ధస్త్రీలు నడుమునొప్పికి తాళలేక ఇక యాత్రకు రామనిరి. మలుపులలో బండి ఒరగుట అంతకంటె భయకారణము. ఎగురుచున్న చక్రమునకు నేలపై పట్టుండదు. చక్రమునకు పట్టులేనిచో ఏ బ్రేకును బండిని ఆపజాలదు.

మండలిలో రెండు పక్షము లేర్పడెను. కమానుకు మరియొక పట్టీ వేయింతమని కొందరు. దొరకినవానిలో మిక్కిలి గట్టి షాక్ అబ్సార్బర్లను బిగింతమని కొందరు. ఈ రెండింటికిని గల భేదమును ముందు తెలిసికొనవలయును. బరువు మోయునది కమాను. షాక్ అబ్సార్బరు బరువు మోయదు, కమాను ఊపును అణచును. దాని గొట్టములో నూనెయు, ఆ నూనెలో సన్నని రంధ్రములుగల పిస్టనును ఉండును. చక్రము లేచి దిగునప్పుడెల్ల నూనె ఆ రంధ్రములగుండ ఇరుకుకొని పోవలసివచ్చును. ఊపులోని శక్తి వేడిగా మారి గాలిలో కలియును. పూర్వపు జట్కాలకు ఈ గొట్టములు లేవు. కమాను పట్టీలు ఒండొంటితో ఒరసికొనుటచేతనే ఊపు కొంత అణగెడిది. భారపు మోటారుబండికి ఆ ఒరపిడి చాలదు.

కావున బండి నిలిచియున్నపుడే తోక క్రుంగియున్నయెడల దోషము కమానుదో, బరువుదో. నిలిచినపుడు సరిగానుండి, గతుకు దాటిన పిమ్మట ఊగుట మానకున్నను, గొట్టముపై నూనె కారి దుమ్ము ముద్దగట్టినను షాక్ అబ్సార్బరును మార్చవలయును. మా బండికి రెండు దోషములును ఉండెను.

కొనునప్పుడు బండిపేరు చెప్పిన చాలదు. అద్దెవ్యాను జనము దిగినంతనే తేలికపడును. యాత్రాబండి రేయింబవళ్లు బరువుతోనే యుండును. 200 లీటర్ల నీరే 200 కిలోలు గదా! తొట్టి నింపి, సామాను సర్ది, మనుష్యుల నెక్కించి, ఆత్మకూరులో కాటాపై ముందుచక్రములను వేరుగ, వెనుకచక్రములను వేరుగ తూయించితిమి. వెనుక ఇరుసుపై బరువు, బండి చేసినవారు విధించిన మితిని దాటినది. తొట్టి ఇరుసున కావల, తోకలో ఉండుటయే కారణము. ఏతము త్రొక్కువాడు కొసకు పోయినకొలది మ్రాను వంగునట్లు, అచ్చటి బరువు వెనుకను క్రుంగదీసి ముందుచక్రములను తేల్చును. తొట్టిని రెండు ఇరుసుల నడుమకు జరిపింపగా తోక లేచినది. అదనపు పట్టీ మాట అంతటితో ముగిసినది. (వ్యానును ఇట్లు బసగా మార్చుటకు 1988 నాటి మోటారు వాహనముల చట్టము ననుసరించి రవాణాశాఖ అనుమతి యుండవలయును.)

ఇక గట్టిదనము. మితిమీరి గట్టివైన షాక్ అబ్సార్బర్లు ప్రతి రాతిదెబ్బను నేరుగ బండికి, దానినుండి మన వెన్నెముకకు అందించును. కాటాలో తేలిన బరువుకు తగినవి చాలును. ఒంటిగొట్టపు రకము వేడిని త్వరగా విడుచును, నిజమే. కాని రాయి తగిలి గొట్టము సొట్టపడినచో పిస్టను అచ్చటనే పట్టును. రెండుగొట్టముల రకములో పైగొట్టము లోగొట్టమునకు కవచము. మన కంకరదారులకు, కొంచెము నైట్రోజను నింపిన రెండుగొట్టముల రకమే నేను కోరుదును. ఆ వాయువు నూనెను నురుగెత్తనీయదు, మన వేసవిలో అది చిన్న ప్రయోజనము కాదు.

ముడిచినపుడును సాచినపుడును ఉండు పొడవులు పాతవానితో సరిపోవలయును. ఒక ఇరుసుకు రెండింటిని ఒక్కసారే మార్చవలయును. రబ్బరు బుష్షుల బోల్టులను బండి జాకీపై నుండగా పూర్తిగా బిగింపరాదు. బిగించినచో, బండి దిగినపుడు రబ్బరు మెలిపడి కొలదికాలముననే చినుగును. చక్రములు నేలనానిన తరువాతనే తుదిబిగువు వేయింపుడు.