రేకు నుండి రైలుయంత్రము
(బొమ్మనహళ్ళిలో మన తెలుగు కుటుంబముల సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



సంఘపు వెనుకగదిని ఆదివారపు ఉదయములందు ఇత్తడి రేకులతో ఆవిరి రైలుయంత్రముల నమూనాలు చేయు పనికి ఇప్పింపవలసినదని మేము కార్యవర్గమునకు ఒక మనవి చేసియున్నాము. దానిపై కొందరు సభ్యులు ఒక ప్రశ్న వేసిరి. "మనది భాషాసంఘము. చందా సొమ్ముతో బొమ్మలు చేయుటేమి? ఆ సొమ్ముతో పిల్లలకు వాచకములు కొనరాదా?" అని. ప్రశ్న న్యాయమైనదే. సర్వసభ్య సభ ఓటు వేయుటకు ముందు దానికి సమాధానము చెప్పుట మా బాధ్యత. మేము వర్తకులము, చదువు మెట్రిక్యులేషనుతో ఆగినది. కనుక శాస్త్రోపన్యాసము చేయబోము. పని యెట్టిదో, దానికిని తెలుగునకును గల సంబంధమేమో మాత్రము విన్నవించెదము.

ఈ యంత్రములు అచ్చుపోసిన బొమ్మలు కావు. మన చేతికి వచ్చునది పోస్టుకార్డుల వంటి కొన్ని బల్లపరుపు రేకులు. పావు మిల్లీమీటరు మొదలు అర మిల్లీమీటరు వరకు మందము. ఆ రేకులోనే యంత్రపు పక్కలు, తొట్టి, చట్రము, మెట్లు, తలుపులు అన్నియు కొరికి యుండును. చిన్న చిన్న తునకలతో అంచునకు అంటుకొని యుండును. వానిని కోసి, మడిచి, మాటువేసి యంత్రముగా నిలుపవలయును. ఇంగ్లండులో ఈ పద్ధతి 1970ల దశకమునుండి బాగుగ వ్యాపించినది.

రేకును కొరుకు విధానము ఇట్లుండును. ముందు బొమ్మను కొలతలతో గీసి ఫిలిముగా తీయుదురు. రేకునకు రెండువైపుల వెలుతురు సోకిన గట్టిపడు పూత పూసి, ఫిలిము గుండ వెలుతురు పంపుదురు. వెలుతురు సోకనిచోట పూత కడిగివేయబడును. పిమ్మట ఫెర్రిక్ క్లోరైడు ద్రావకమును చిమ్మగా, పూత లేనిచోట లోహము కరగిపోవును. రెండువైపుల కరగినచోట రేకు తెగును. ఒకవైపు మాత్రమే కరగినచోట సగము లోతు గాడి పడును. ఆ సగపు గాడియే మడతకు గుర్తు. మన బెంగళూరులో ఎలక్ట్రానిక్ పలకలు చేయు కర్మాగారములవారు రాగిరేకును కొరుకుట కూడ ఇంచుమించు ఈ తీరుననే.

ఇక ఏ యంత్రమును చేయవలెననునది ప్రశ్న. మేము ఎన్నుకొన్నది మీటరుగేజి వై.పి. తరగతి యంత్రము. కారణము చెప్పెదము. 1890ల దశకమున గుంతకల్లునుండి ధర్మవరము, పెనుకొండ, హిందూపురముల మీదుగా మీటరుగేజి దారి మైసూరు సంస్థానములోనికి వచ్చి బెంగళూరును కలిపినది. ఈ సభలో కూర్చున్న కుటుంబములలో ఎన్నింటి పెద్దలు ఆ దారిన పెట్టె బేడాలతో ఇక్కడకు దిగిరో మీకే తెలియును. 1980ల దశకమున ఆ దారిని బ్రాడుగేజిగా మార్చిరి. వై.పి. యంత్రములలో మొదటివి 1949లో అమెరికాలోని బాల్డ్విన్ కర్మాగారమునుండి వచ్చినవి. అటుపిమ్మట సుమారు ఇరువది సంవత్సరములలో విదేశములందును జంషెడ్‌పూరులోని టెల్కో కర్మాగారమందును చేసినవానితో కలిసి వాని సంఖ్య 800 దాటినది. దేశములో బ్రాడుగేజిపై ఆవిరి బండ్ల నిత్యసేవ 1995లో ముగిసినది. తరువాత కొలది సంవత్సరములలో మీటరుగేజిపై కూడ ముగిసినది. కొండదారుల బండ్లవంటి కొన్ని మాత్రము మిగిలినవి. మన పిల్లలు ఆవిరియంత్రమును పటములో చూచుటే గాని, అది పనిచేయగా చూచినవారు అరుదు.

అంగడిలో కొని తెచ్చుకొనరాదా యని అడుగుదురు. ఇక్కడ ఒక లెక్క చూడవలయును. ప్రపంచమున ఎక్కువగా అమ్ముడుపోవు నమూనాలు అసలులో 87వ వంతు పరిమాణమున నుండును. వాని పట్టాల నడిమి దూరము 16.5 మిల్లీమీటర్లు. ఇది యూరపు, అమెరికాలలోని 1435 మి.మీ. దారికి సరిపోవును. మన బ్రాడుగేజి 1676 మి.మీ. దానిలో 87వ వంతు 19 మి.మీ.కు పైగా నగును. మన యంత్రమును వారి పట్టాలపై నిలిపినచో పెద్దమనిషికి పసివాని చొక్కా తొడిగినట్లుండును. మీటరుగేజి సంగతి వేరు. 1000 మి.మీ.లో 87వ వంతు పదకొండున్నర. స్విట్జర్లాండు కొండదారుల నమూనాలకై 12 మి.మీ. పట్టాలు అమ్మకములో నున్నవి. తేడా అర మిల్లీమీటరు మాత్రమే. కాబట్టి పట్టాలు కొనవచ్చును, యంత్రమును మాత్రము మనమే చేసికొనవలయును. అసలు వై.పి. పొగబండి తొట్టితో కలిపి సుమారు 19 మీటర్లు. మన నమూనా జానెడుకు మించదు. దాని పెద్ద చక్రములు అసలులో 1372 మి.మీ.; ఇక్కడ 16 మి.మీ.కు కొంచెము తక్కువ.

ఇంగ్లండులో కొందరు ఇట్టి తేడాను ఓర్చుకొనలేకపోయిరి. అక్కడి అంగడి నమూనాలు అడుగునకు 4 మి.మీ. చొప్పున చేయబడియు, 16.5 పట్టాలపై నడచును. లెక్క ప్రకారము 18.83 ఉండవలెను. 1960ల దశకమున కొందరు పట్టుదలగల వారు ఆ 18.83 కొలతనే ప్రమాణముగా పెట్టుకొని, చక్రములు మొదలు పట్టాలవరకు తామే చేసికొనసాగిరి. మనకు అంత కష్టము లేదు. పని చేయు పట్టుదల యున్న చాలును.

పని యెట్లు సాగునో క్లుప్తముగా చెప్పెదము. మొదట రివెట్లు. రేకు వెనుకవైపు సగము కొరికిన చుక్కలుండును. మొనదేలని సూదితో ఒక్కొక్క చుక్కను మెల్లగా నొక్కిన, ముందువైపు బుడిపె లేచును. తెలంగాణలోని పెంబర్తి శిల్పులు ఇత్తడి రేకును వెనుకనుండి కొట్టి ముందువైపు పూలును దేవతామూర్తులును లేపుదురుగదా, ఆ విద్యయే ఇది. ఇక్కడ బుడిపె ఆవగింజలో సగమైన నుండదు. మడచిన తరువాత లోపలికి సూది పోదు గనుక మడతకు ముందే ఈ పని ముగించవలయును. మడచునపుడు గాడి లోపలివైపున నుండవలెను, ఒకేమారు మడవవలెను. ముందుకు వెనుకకు ఆడించినచో తెగును.

తరువాత మాటు. లోహము శుభ్రముగా లేనిదే మాటు పట్టదు. సీసము, తగరము కలిసిన మామూలు మాటు 183 డిగ్రీల చుట్టుపట్ల కరగ మొదలిడును. బిస్మతు కలిసిన ఒక విధమైనది 70 డిగ్రీలకే కరగును. కాబట్టి ముందు ఎక్కువ వేడి కోరు మాటును, పిమ్మట తక్కువదానిని వాడవలెను. క్రమము తప్పినచో రెండవ భాగము అతుకుచుండగా మొదటిది ఊడిపోవును. చక్రములు కూర్చు చట్రమునకు జర్మన్ సిల్వరు రేకు మేలు. పేరులో వెండి యున్నను దానిలో వెండి లేదు. రాగి, తుత్తునాగము, నికెలు మాత్రమే. అది ఇత్తడివలె వేడిని త్వరగా పంపివేయదు గనుక మాటు సులభముగా పారును.

అన్నిటికంటె కఠినమైనది చట్రము. మూడు ఇరుసులు సమానాంతరముగా నుండవలయును. చక్రములను కలుపు కడ్డీల రంధ్రముల దూరమును ఇరుసుల దూరమును వెంట్రుకవాసియైన తేడా లేక సరిపోవలయును. కుడివైపు చీలకును ఎడమవైపు చీలకును కాలు వంతు తేడా పెట్టవలెను. అసలు యంత్రమునందును అంతే. రెండువైపుల పిస్టనులును ఒకేమారు కొనకు చేరినచో బండి ఆగినచోటనే చిక్కుకొనును గనుక ఈ ఏర్పాటు. ఆ తేడా 90 డిగ్రీలకు కొంచెము అటునిటైనను ఓర్చుకొనవచ్చును. మూడు ఇరుసులందును ఒకేవిధముగా నుండుట ముఖ్యము. విద్యుత్ మోటారు బిగించుటకు ముందే, చట్రమును వాలు పలకపై విడిచి తనంతట దొర్లునో లేదో చూడవలెను.

ఇక నగిషీ. చేతికడ్డీలు, గొట్టములు, దీపము, బొగ్గుతొట్టి నిచ్చెన. ఇక్కడ ఊహ పనికిరాదు. ఒకే తరగతి యంత్రములైనను మరమ్మతులలో ఒక్కొక్కటి ఒక్కొక్క తీరుగా మారును. ఒక సంఖ్యగల యంత్రమును, ఒక సంవత్సరమును నిర్ణయించుకొని, ఆనాటి ఛాయాచిత్రమును ఎదుట నుంచుకొని పనిచేయవలయును. 1979లో మైసూరులో నెలకొల్పిన రైలు ప్రదర్శనశాలకు పిల్లలను తీసికొనిపోయి పాత యంత్రములను దగ్గరనుండి చూపవచ్చును. అంతకంటె మేలు, మనలో రైలు కొలువు చేసి విశ్రాంతి తీసికొనుచున్న పెద్దలు వచ్చి కూర్చుండుట. పార యెచ్చట నుంచెడివారో, నీటిగొట్టము ఏవైపున వ్రేలాడెడిదో పుస్తకములకంటె వారికే ఎక్కువ తెలియును.

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వచ్చెదము: భాషకేమి లాభము?

మన పిల్లలు బడిలో కన్నడమును ఇంగ్లీషును చదువుదురు. కన్నడము ఈ గడ్డ భాష; దానిని వారు చక్కగా నేర్చుట మనకు గౌరవమే. తెలుగు ఇంట మాత్రమే వినబడును. ఇంట ఏ పని జరుగునో ఆ పని మాటలే వారికి వచ్చును. పోపు, తిరుగలి, అరిసె తెలియును, వరుసలు తెలియును, పండుగల పేర్లు తెలియును. ఆకురాయి, పట్టకారు, శ్రావణము, పట్టెడ, వెలిగారము, ఇరుసు, చీల, చక్రపు ఆకు, ఇవి తెలియవు. ఆ మాటలు పలుకు పని వారి కన్నుల ఎదుట జరుగుట లేదు. మన తాతలనాడు ఆ పనులు చేసినవారు మన వీధులలోనే యుండిరి. భాష ఒకేమారు పోదు. ముందు పని పోవును, పని వెంట దాని మాటలు పోవును, మిగిలినది పలకరింపుగా మాత్రము నిలుచును.

గడచిన మూడు ఆదివారములు మా అంగడి వెనుక ఒక చిన్న సరకుపెట్టె నమూనాతో ప్రయత్నించి చూచితిమి. కంసాలి పని చేసి మానిన ఒక వృద్ధుడును, ఆరుగురు పిల్లలును. ఒక బాలుడు "తాతగారూ, సోల్డరు నిలబడటం లేదండీ" యనెను. ఆయన రేకును వెలుతురునకు పట్టి చూచి, "మురికిమీద మాటు నిలవదు నాయనా. ఆకురాయి పట్టు, మచ్చ పోనీ" యనిరి. మూడవ వారమునకు ఆ బాలుడే తన చెల్లెలితో "ముందు మచ్చ తీయవే, తరువాత మాటు" అనుచుండెను. ఆ మాటను మేము బోధింపలేదు, వ్రాయింపలేదు. పనికి అవసరమై నోట నిలిచినది. వాచకములు పంచవలసినదే, ఇకముందును పంచెదము. వాచకములో చదివిన మాట చేతికి తగిలినప్పుడు గట్టిపడును.

ఖర్చు సంగతి. ఫిలిము తీయుటకు అగు వ్యయము ఒక రేకునకైనను పది రేకులకైనను ఒక్కటే. ఒక్కొక్కరు విడివిడిగా చేయించిన భారము. పది కుటుంబములు కలిసిన అది పదవ వంతునకు దిగును. మోటారు, చక్రములు కొనవలసినవే. పట్టకారులు, ఆకురాళ్ళు, మాటు కడ్డీలు సంఘము ఒకేమారు కొని యుంచిన చాలును. ఇత్తడి రేకును కొన్న ధరకే ఇచ్చుటకు మేము సిద్ధము. లెక్క నోటుపుస్తకములో వ్రాసి అందరకు చూపెదము.

జాగ్రత్తలు రెండు. ద్రావకముతో కొరుకు పని ఇంటిలోగాని సంఘములోగాని చేయరాదు. తగిన ఏర్పాట్లుగల కర్మాగారమునకే ఈయవలెను. రాగి కలిసిన ఆ మురుగును కాలువలో పోసినచో అది చెరువును చేరును. మన చుట్టుపట్ల చెరువులు పడిన బాధలు చాలును. రెండవది, మాటు పొగ పిల్లల ముక్కున పోకుండ కిటికీలు తెరచి, పంకా పెట్టి, పని ముగిసిన వెంటనే చేతులు సబ్బుతో కడిగించవలెను. పదేండ్లలోపు పిల్లలకు కాగు కడ్డీ ఈయరాదు. రివెట్లు లేపు పని వారిది.

హోసూరు వైపునుండి వచ్చిన కుటుంబములవారు మా పెద్దల బండి మాటేమి యని అడుగవచ్చును. మొరప్పూరునుండి ధర్మపురి మీదుగా హోసూరు వరకు 762 మి.మీ. చిన్నదారి యొకటి యుండి, రెండవ ప్రపంచయుద్ధ కాలమున మూతపడినది. 762లో 87వ వంతు 9 మి.మీ.కు ఇంచుమించు సరిపోవును. ఆ పట్టాలును అంగడిలో దొరకును. వై.పి. పూర్తియైన పిమ్మట దానిని చేపట్టుదము. ఆ దారి పాత ఛాయాచిత్రము ఎవరి యింటనైన నున్నచో భద్రపరచి యుంచుడు.

మా మనవి మూడు మాటలలో ముగించెదము. వెనుకగదిని ఆరు నెలలపాటు ఆదివారము ఉదయము ఈయుడు. చేతిపని తెలిసిన పెద్దలు, రైలు కొలువు చేసిన పెద్దలు వారమున కొకరైనను వచ్చి కూర్చుండుడు. ఆ గదిలో పని మాట్లాడునది తెలుగున మాట్లాడుడు. తెలుగు మాట లేనిచోట వచ్చిన మాటనే వాడుడు, సిగ్గుపడనక్కరలేదు. పిస్టనును పిస్టనే యందము. ఇరుసును మాత్రము ఇరుసందము.

ఆరు నెలల పిమ్మట యంత్రము పట్టాలపై నడువకున్నచో గదిని తిరిగి అప్పగించెదము. ఇక నిర్ణయము మీది.