సింకులో పోసిన నీళ్లు ఎవరి చేతుల మీదుగా పోతాయి?



ఆసుపత్రి వ్యర్థాలనగానే మనకు సూదులు, కట్టుగుడ్డలు గుర్తొస్తాయి. వాటికి రంగురంగుల సంచులున్నాయి. రక్తపరీక్షల ల్యాబులో సింకులోకి వంచేసే నీళ్లకు సంచి లేదు. అందుకే అవి ఎవరి కంటా పడవు.

ఆ నీళ్లలో మిగిలిన రక్తం, మూత్రం, యంత్రాల నుంచి వచ్చే రసాయనాలు, ఫార్మలిన్ ఉంటాయి. రక్తం నుంచి హెపటైటిస్ బి సోకవచ్చు. ఫార్మలిన్‌లోని ఫార్మాల్డిహైడ్ క్యాన్సర్ కలిగిస్తుంది. ‘బ్లీచింగ్ పోశాం కదా’ అంటారు. బ్లీచింగ్ క్రిములను చంపుతుందే గానీ రసాయనాలన్నిటినీ మాయం చేయదు. పైగా యాసిడ్‌తో కలిస్తే క్లోరిన్ వాయువు పుడుతుంది.

ఈ నీళ్లను తాకేది డాక్టరు కాదు. గాజు గొట్టాలు కడిగే ఆయా, నేల తుడిచే కాంట్రాక్టు కార్మికురాలు, ఆ తర్వాత మురుగుకాలువ తీసే మనిషి. వాళ్లది ఏ కులమో, ఎంత జీతమో మనకు తెలియనిది కాదు.

1998 నాటి నిబంధనల స్థానంలో 2016లో వచ్చిన జీవవైద్య వ్యర్థాల నిబంధనలు పడకల్లేని ల్యాబులకూ వర్తిస్తాయి. ద్రవ వ్యర్థాలను పుట్టినచోటే వేరుచేసి, శుద్ధి చేశాకే మురుగునీటిలో కలపాలి. ఆ వ్యర్థాలను తాకే ప్రతి ఒక్కరికీ శిక్షణ, చేతి తొడుగుల వంటి రక్షణ సామగ్రి, హెపటైటిస్ బి, ధనుర్వాతం టీకాలు, ఏటా ఆరోగ్య పరీక్ష కల్పించడం యాజమాన్యం బాధ్యత. ఇది దయ కాదు, హక్కు.

మనం పనిచేసే ప్రతి పేటలోనూ ల్యాబుకు వెళ్లి అడుగుదాం: ఈ సింకు గొట్టం ఎక్కడికి పోతుంది? కడిగే ఆమెకు టీకాలు వేయించారా? వేయించినట్టు కాగితం ఆమె దగ్గర ఉందా?