కుటుంబ వైద్యమా? మానసిక వైద్యమా?

(సంఘం వార్షికోత్సవ సభలో మెడికల్ విద్యార్థులను, వారి తల్లిదండ్రులను ఉద్దేశించి చేసిన ప్రసంగ పాఠం)



ఈ ప్రసంగం ఇద్దరిది. మాలో ఒకరు పేటలో క్లినిక్ పెట్టుకుని కుటుంబ వైద్యం చేస్తున్నవారు, మరొకరు మానసిక వైద్యులు. చదివేది ఒకరే అయినా మాటలు ఇద్దరివీ గనుక 'మేము' అంటున్నాము. ఎం.బి.బి.ఎస్. అయ్యాక ఏ పి.జి. చదవాలన్న దానిమీద నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శిగారు కోరారు.

2007 నుంచి బి.సి.-ఇ కింద నాలుగు శాతం రిజర్వేషను వచ్చాక మన ఇళ్లలో డాక్టరు చదువు చదివే పిల్లలు పెరిగారు. చాలా ఇళ్లలో వాళ్లే మొదటి డాక్టర్లు. అడిగి తెలుసుకుందామంటే ఇంట్లో ఇంకో డాక్టరు ఉండరు. కనుక చుట్టాలు చెప్పిందే సలహా అవుతున్నది. ఫ్యామిలీ మెడిసిన్ అంటే, "జ్వరానికి మాత్రలివ్వడానికి మళ్లీ మూడేళ్ల చదువా?" అంటారు. సైకియాట్రీ అంటే, "పిచ్చి డాక్టరా? పిల్లకు సంబంధాలు వస్తాయా?" అంటారు. ఈ రెండు మాటలూ విని వెనక్కి తగ్గిన పిల్లలను మేము చూశాము. అందుకే ఈ రెండు శాఖలనే తీసుకున్నాము.

ముందు చదువు సంగతి. మన దేశంలో ఎం.బి.బి.ఎస్. తర్వాత రెండూ మూడేళ్ల చదువులే. సైకియాట్రీ ఎం.డి. సీట్లు ప్రభుత్వ, ప్రైవేటు మెడికల్ కాలేజీల్లో ఉన్నాయి. హైదరాబాదు ఎర్రగడ్డలోనూ, విశాఖపట్నంలోనూ ప్రభుత్వ మానసిక వైద్యశాలలున్నాయి. బెంగుళూరు నిమ్‌హాన్స్ సంగతి మీకు తెలిసిందే. ఆపైన కావాలంటే పిల్లల మానసిక వైద్యం, వృద్ధుల మానసిక వైద్యం, వ్యసనాల చికిత్స వంటి వాటిలో డి.ఎం. కూడా చేయవచ్చు. ఫ్యామిలీ మెడిసిన్‌లో ఎం.డి. సీట్లు బాగా తక్కువ. ఎక్కువమంది నేషనల్ బోర్డువారి డి.ఎన్.బి. ద్వారా వస్తారు. విదేశాలకు వెళ్లాలనుకునేవారికి ఒక మాట. అమెరికాలో రెసిడెన్సీ ఫ్యామిలీ మెడిసిన్‌కు మూడేళ్లు, సైకియాట్రీకి నాలుగేళ్లు. ఇంగ్లండులో జనరల్ ప్రాక్టీసు శిక్షణ మూడేళ్లు, సైకియాట్రీలో కన్సల్టెంటు స్థాయికి ఆరేళ్లు. అక్కడ పెద్దాసుపత్రికి వెళ్లాలంటే మామూలుగా ముందు కుటుంబ వైద్యుడే చూసి పంపాలి. అందుకే ఆయనకు అంత విలువ. మన దగ్గర తలనొప్పి వస్తే రోగి తిన్నగా నరాల డాక్టరు దగ్గరకే పోతాడు.

ఇక పని ఎలా ఉంటుంది? కుటుంబ వైద్యుడి గదిలోకి తాతగారి బి.పి., కోడలి గర్భం, మనవడి దగ్గు ఒకే గంటలో వస్తాయి. ప్రతి రోగికీ దొరికేది కొద్ది నిమిషాలు. కానీ ఆ కొద్ది నిమిషాలు ఇరవై ఏళ్లపాటు దొరుకుతాయి. ఆ ఇంట్లో ఎవరికి షుగరు ఉందో, ఎవరు మందు మానేస్తారో, ఎవరి సంపాదన ఆగిపోయిందో ఆయనకు తెలుసు. రంజాన్ నెల ముందు షుగరు రోగిని కూర్చోబెట్టి, ఉపవాసం ఉండగలడా లేదా చూసి, సహరీకి ఎంత, ఇఫ్తార్‌కు ఎంత మందు వేసుకోవాలో సరిచేసేది ఆయనే. దీనికి తెలివి కావాలి. ఏ జ్వరం మామూలుది, ఏ కడుపునొప్పిని ఆ రాత్రే ఆసుపత్రికి పంపాలి అన్నది చేతిలో స్కానింగు లేకుండా తేల్చాలి. దీన్ని చిన్న పని అనేవారు ఒక్కరోజు ఆ కుర్చీలో కూర్చుంటే చాలు.

మానసిక వైద్యుడి గది వేరు. కొత్త రోగి వస్తే ముప్పావు గంట, గంట మాటలతోనే గడుస్తుంది. రక్త పరీక్షలో డిప్రెషన్ కనబడదు, స్కానింగులో అనుమానపు జబ్బు కనబడదు. మాట, మౌనం, కళ్లు, నిద్ర, ఇంటివాళ్లు చెప్పేది, చెప్పకుండా దాచేది, ఇవే ఆయన పరీక్షలు. మందులు వెంటనే పనిచేయవు. డిప్రెషన్ మందుకు గుణం కనబడడానికి కొన్ని వారాలు పడుతుంది. ఆ వారాలు రోగినీ, ఇంటివాళ్లనూ నిలబెట్టి ఉంచాలి. గుణం కనబడగానే మానేస్తామంటారు, వద్దని నచ్చచెప్పాలి. కాని ఇల్లు వదిలి ఏడాదిగా బయటికి రాని కుర్రవాడు మళ్లీ దుకాణంలో కూర్చుని చిల్లర లెక్కపెడుతుంటే చూసే ఆనందం ఏ ఆపరేషనుకూ తీసిపోదు.

ఈ రెండు గదులకూ మధ్య గోడ ఉందనుకోవద్దు. మనసు బాగాలేనివాళ్లలో చాలామంది ముందుగా వచ్చేది కుటుంబ వైద్యుడి దగ్గరకే. "దిగులుగా ఉంది" అని రారు. గ్యాసు అంటారు, గుండె దడ అంటారు, నరాల బలహీనత అంటారు, ఒళ్లంతా మంటలంటారు. "ఈ రెండు వారాల్లో దేనిమీదా ఆసక్తి లేకుండా పోయిందా? మనసు కుంగిపోయి ఉంటున్నదా?" అని రెండు ప్రశ్నలు అడిగే డాక్టరు దొరికితే సరి, లేకపోతే ఇ.సి.జి.లు, విటమిను సూదులతో ఏళ్లు గడిచిపోతాయి. అటు మానసిక వైద్యుడికి శరీరం తెలియకపోతే ఇంకా ప్రమాదం. థైరాయిడ్ తగ్గినా మనిషి దిగులుపడ్డట్టే ఉంటాడు. కొన్ని మానసిక మందులతో బరువు, షుగరు పెరుగుతాయి. లిథియం వాడేవారు ఉపవాసంలో నీరు తగ్గితే రక్తంలో మందు ఎక్కువై ప్రాణం మీదికి రావచ్చు. సుమారు వెయ్యేళ్లకు పైగా కిందట అబూ జైద్ అల్ బల్ఖీ దేహానికీ మనసుకూ కలిపి ఒకే గ్రంథం రాశాడు. రెండింటినీ విడదీయడం వైద్యానికి లోటని ఆనాడే ఆయన గుర్తించాడు.

ఇప్పుడు మనసులో మాట. 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఏర్వాడిలో, దర్గాకు వచ్చే మానసిక రోగులను ఉంచే ఒక ప్రైవేటు షెడ్డుకు నిప్పంటుకుంది. గొలుసులతో కట్టేసి ఉన్నందువల్ల పారిపోలేక 28 మంది చనిపోయారు. దర్గాకు అన్ని మతాలవాళ్లూ వెళ్తారు, ఆ నమ్మకాన్ని మేము తప్పుపట్టడంలేదు. గుజరాత్‌లో ఉనావా గ్రామంలోని మీరా దాతార్ దర్గాలో 2008 ప్రాంతంలో 'దవా, దువా' అని ఒక ఏర్పాటు మొదలైంది. దువా చేసే ముజావర్లే రోగిని పక్కనే ఉన్న డాక్టరు దగ్గరకు పంపుతారు. దువా వద్దని ఎవరూ అనలేదు, దవా కూడా వచ్చింది. 2017 మానసిక ఆరోగ్య చట్టం రోగిని గొలుసులతో కట్టడాన్ని పూర్తిగా నిషేధించింది. కానీ చట్టం వచ్చినంతమాత్రాన డాక్టరు రాడు. చాలా మానసిక వ్యాధుల్లో పదిమంది రోగులకు ఏడుగురికి పైగా వైద్యమే అందడం లేదని 2015-16 జాతీయ సర్వేలో తేలింది. "గాలి సోకింది" అని ఆలస్యం చేసేదీ మన ఇళ్లే, ఆ రోగం చూసే డాక్టరు కాబోయే పిల్లను ఆపేదీ మన ఇళ్లే. ఇది ఎక్కడి న్యాయం?

విద్యార్థులారా, ఎవరి స్వభావం ఏమిటో తెలుసుకోవడానికి నాలుగు ప్రశ్నలు వేసుకోండి.

ఒకటి: రోజంతా రకరకాల జబ్బులు చూస్తే ఉత్సాహమా, ఒకే మనిషి కథలోకి లోతుగా వెళ్తే ఉత్సాహమా? మొదటిదైతే కుటుంబ వైద్యం, రెండోదైతే మానసిక వైద్యం.

రెండు: స్టెతస్కోపు, చిన్న చిన్న ప్రొసీజర్లు, పసిపిల్లల టీకాలు వదిలేస్తే వెలితి అనిపిస్తుందా? అనిపిస్తే సైకియాట్రీలో ఆ వెలితి పెరుగుతుంది.

మూడు: ఇతరుల ఏడుపు విన్నాక ఇంటికెళ్లి అన్నం తినగలరా? కఠినంగా ఉండమని కాదు, వినడానికి, మోయడానికి తేడా తెలియాలని. ఆత్మహత్య మాటలు మాట్లాడే రోగి సైకియాట్రీలో ఎదురవుతూనే ఉంటాడు.

నాలుగు: మీ వాళ్లమధ్యే ఉంటూ గుట్టు కాపాడగలరా? కుటుంబ వైద్యుడికి అత్తగారూ తెలుసు, కోడలూ తెలుసు. ఒకరి మాట ఒకరికి పొక్కితే ఆ క్లినిక్‌కు ఇంకెవరూ మనసువిప్పి రారు.

హౌస్‌సర్జన్సీలో సైకియాట్రీకి రెండు వారాలు, కమ్యూనిటీ మెడిసిన్‌కు పన్నెండు వారాలు ఉన్నాయి. ఆ సమయాన్ని ఎంట్రన్సు పుస్తకాలకు సెలవులుగా వాడుకోకండి. ఆ రెండు వారాల్లో ఒక్క రోగిని మొదటిరోజు నుంచి చివరిదాకా వెంబడించండి. జవాబు మీకే తెలుస్తుంది. రెండింటిలో ఏది తీసుకున్నా, రెండోదానిలో సగం నేర్చుకోకుండా మాత్రం బయటికి రాకండి.

తల్లిదండ్రులకు ఒక మనవి. పెళ్లి సంబంధాల భయంతో ఆడపిల్లను సైకియాట్రీకి పంపమనకండి అనేవారి మాట వినకండి. తన బాధను మగ డాక్టరు ముందు చెప్పుకోలేని అక్కలు, చెల్లెళ్లు మన పేటల్లో ఎందరో ఉన్నారు. వాళ్లు ఎదురుచూస్తున్నది మీ అమ్మాయి కోసమే. ఇంట్లో ఎవరికైనా ఇప్పుడే అవసరం ఉంటే, 2022లో ప్రారంభమైన ప్రభుత్వ టెలి మానస్ నంబరు 14416 రాసుకోండి. ఫోనుకు డబ్బు ఖర్చు లేదు, తెలుగులోనే మాట్లాడవచ్చు.

 సభ ముగిశాక మేమిద్దరం ఇక్కడే ఉంటాము. సందేహాలున్న పిల్లలు మొహమాటపడకుండా వచ్చి అడగండి. సెలవు. ఖుదా హాఫిజ్.