నీరెండలో ఒక ఫోటో

(సంఘం స్వర్ణోత్సవాల ఉదయం సభలో పాఠశాల పిల్లలతో మాట్లాడిన మాటలు)

పెద్దలు ఏమీ అనుకోకపోతే నేను ముందు వరసలో చాపలమీద కూర్చున్న పిల్లలతోనే మాట్లాడతాను. పిల్లలూ, ఫోటోలు తీయడం నా వృత్తి. ఈరోజు మీకు వెలుతురు గురించి నాలుగు మాటలు చెబుతాను.

ముందు ఈ ఫోటో చూడండి. 1988 మార్చిలో మా పదో తరగతి వీడ్కోలు రోజున తీసింది. మధ్య కుర్చీలో ఉన్నది మా తెలుగు మాస్టారు. ఆయన కళ్ళెక్కడ? రెండు నల్లమచ్చలు తప్ప ఏమీ కనిపించవు కదా! అది మిట్టమధ్యాహ్నం. సూర్యుడు నడినెత్తిన ఉంటే నుదుటిమీద, ముక్కుమీద ఎండ పడుతుంది. కనుబొమల కింద నీడ కమ్ముకుంటుంది.

అదే సాయంత్రమైతే వెలుతురు ఏటవాలుగా వచ్చి ముఖంమీద పడుతుంది. కళ్ళలోకి చేరుతుంది. రంగు కూడా బంగారంలా మారుతుంది. ఫోటోగ్రాఫర్లు దీన్ని గోల్డెన్ అవర్ అంటారు. మనవాళ్ళు చక్కగా నీరెండ అన్నారు.

ఆ బంగారం ఎక్కడిది? ఎండలో అన్ని రంగులూ ఉంటాయి. గాలిలోని అణువులు నీలాన్ని ఎక్కువగా, ఎరుపును తక్కువగా చెదరగొడతాయి. అలా చెదిరిన నీలమే మనకు ఆకాశమై కనిపిస్తుంది. 1871లో రేలీ అనే ఇంగ్లండు శాస్త్రవేత్త దీన్ని లెక్కకట్టి చూపాడు. సూర్యుడు నేల అంచుకు చేరేసరికి ఎండ నడినెత్తినున్నప్పటికంటే సుమారు 38 రెట్లు ఎక్కువ గాలిని దాటి రావాలి. దారిలో నీలమంతా చెదిరిపోతుంది. మనదాకా వచ్చేది పసుపు, నారింజ, ఎరుపు.

ఇంటికెళ్ళి చేసి చూడండి. పొడవాటి గాజుగ్లాసు నిండా నీళ్ళు పోసి నాలుగు చుక్కల పాలు కలపండి. గదిలో లైటు ఆర్పి, గ్లాసు అడుగునుంచి టార్చి వేయండి. పక్కనుంచి చూస్తే నీళ్ళు లేతనీలం. పైనుంచి చూస్తే టార్చి పసుపు. గ్లాసులోనే సాయంత్రమన్నమాట!

పేరుకే అది గంట. ఇంగ్లండులో సూర్యుడు బాగా ఏటవాలుగా దిగుతాడు కాబట్టి ఆ వెలుతురు చాలాసేపు నిలుస్తుంది. మన దగ్గర దాదాపు నిట్టనిలువునా దిగుతాడు. చివరి ఆరు డిగ్రీలు దిగడానికి అరగంట కూడా పట్టదు. అందుకని ముందే సిద్ధంగా ఉండాలి. ఇంకో మాట. మీ ఫోను ఆ పసుపును తప్పనుకుని తెల్లగా దిద్దబోతుంది. వైట్ బ్యాలెన్స్‌ని డేలైట్‌లో పెడితే బంగారం నిలుస్తుంది. సూర్యుణ్ణి మాత్రం నేరుగా చూడకండి.

ఇప్పుడు ఆ పాత ఫోటో దగ్గరికొస్తాను. ఆరోజు స్టూడియో ఆయన, "ఎండ చల్లబడనివ్వండి బాబూ, సాయంత్రం తీస్తాను" అన్నాడు. మాట్నీకి వేళవుతోందని తొందరపెట్టింది మేము. అందరికంటే ముందున్నది నేను. మాస్టారు ఒక్కమాట అనకుండా కండువా సర్దుకుని ఆ ఎండలోనే కూర్చున్నారు.

ఆయన ఇప్పుడు లేరు. నిరుడు వాళ్ళమ్మాయి ఫోన్ చేసి, "నాన్న ఫోటో మంచిదేమైనా ఉందా అన్నయ్యా?" అని అడిగింది. నా దగ్గరున్నది ఇదొక్కటే. ముప్పై ఏళ్ళుగా వెలుతురుతోనే బతుకుతున్నాను కానీ, ఈ ఫోటోలోకి ఆ కళ్ళను తేలేకపోయాను.

ఈరోజు కార్యక్రమంలో గ్రూపు ఫోటో పన్నెండున్నరకని అచ్చువేశారు. కమిటీవారిని బతిమాలి అయిదున్నరకు మార్పించాను. జనవరి కదా, ఆరు కాకముందే పొద్దుగూకుతుంది. గురువుల కుర్చీలు పడమటివైపు తిప్పి వేద్దాం. పిల్లలూ, మీరూ తీయండి. తీశాక ప్రతి గురువు కళ్ళూ కనిపిస్తున్నాయో లేదో చూసుకోండి. కనిపించకపోతే, వెలుతురుండగానే ఇంకొకటి తీయండి.