ప్రార్థనకు వదిలేయకూడనివి



శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో నర్సింగ్ చదువుతున్న ఆడపిల్లల గురించి మాట్లాడేటప్పుడు మనం సాధారణంగా ఫీజుల దగ్గర, హాస్టళ్ల దగ్గర ఆగిపోతాం. ఈరోజు నేను వాళ్ల దేవుళ్ల గురించి మాట్లాడదలచుకున్నాను. ఈ మాట ఎత్తితే మన సభల్లో కాస్త ఇబ్బంది కనిపిస్తుంది. మూఢనమ్మకమని కొట్టిపారేస్తాం, లేదా వ్యక్తిగతమని దాటేస్తాం. రెండూ సరికాదని నా అభిప్రాయం.

ఇంటర్ ముగించి పల్లె నుంచి వచ్చిన పద్దెనిమిదేళ్ల పిల్ల కొద్ది నెలలకే వార్డులో అడుగుపెడుతుంది. చనిపోయిన మనిషి కళ్లు మూయడం, ఒళ్లు తుడిచి గుడ్డ చుట్టడం ఆమె నేర్చుకునే పనిలో భాగం. ఇంటి దగ్గరైతే శవాన్ని ముట్టుకున్నాక తలస్నానం చెయ్యకుండా గడప తొక్కనివ్వరు. ఇక్కడ చేతులు కడుక్కుని పక్క మంచం దగ్గరికి వెళ్లాలి. ఉద్దానం కిడ్నీ రోగుల కోసం 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల ఆసుపత్రి తెరిచారు. డయాలసిస్ ఏ ఆసుపత్రిలో జరిగినా ఒకటే తీరు. అదే మనిషి వారానికి రెండుమూడు సార్లు, నెలల తరబడి వస్తాడు. నర్సుకు ఇంటి మనిషిలా అయిపోతాడు. ఒకరోజు ఆ మంచం మీద వేరెవరో ఉంటారు. ఉద్దానంలో ఈ జబ్బుకు కారణం ఇదీ అని ఇప్పటికీ ఖాయంగా తేలలేదు. "మేమేం పాపం చేశామమ్మా" అని రోగి భార్య అడిగితే పాఠ్యపుస్తకంలో జవాబుండదు.

అప్పుడు ఆ పిల్ల పైడితల్లిని తలుచుకుంటుంది, పాతపట్నం నీలమణి దుర్గకు మొక్కుకుంటుంది, లేదా హాస్టల్ మంచం పక్కన మోకరించి ప్రార్థిస్తుంది. ఇందులో నవ్వవలసిందేమీ లేదు. ఏడవడానికి చోటు లేని ఆసుపత్రిలో ఆమె సంపాదించుకున్న ఏకాంతం అది.

అయితే ఆ ఏకాంతం కూడా అందరికీ, అన్ని రోజులూ దొరకదు. ముట్టయిన రోజుల్లో దీపం పెట్టకూడదన్న కట్టుబాటులో పెరిగిన అమ్మాయికి నైట్ డ్యూటీ మాత్రం ఆ రోజుల్లోనూ తప్పదు. ఒంట్లో ఓపిక లేని రోజునే దేవుడి దగ్గరికి పోయే వీలూ ఉండదు. క్రైస్తవ విద్యార్థినికి ఈ అడ్డంకి లేదు. 'ఆధ్యాత్మికత విద్యార్థినులకు మేలు చేస్తుంది' అని టోకున చెప్పేవాళ్లు ఈ తేడాను గమనించరు.

కష్టాన్ని తట్టుకునే తీరులను లాజరస్, ఫోక్‌మన్ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞులు 1984లో రెండుగా చూశారు. సమస్యను మార్చబూనడం ఒకటి, దానివల్ల కలిగిన బాధను అదుపు చేసుకోవడం రెండోది. మరణాన్ని మార్చలేం గనుక అక్కడ రెండోదే దిక్కు. కానీ వేధింపును, మనుషులు చాలని వార్డును, విరామం లేని డ్యూటీని మార్చవచ్చు. చిక్కంతా ఇక్కడే ఉంది. మన కాలేజీలు రెండింటికీ ఒకే మందు ఇస్తున్నాయి: ఓర్చుకో, ఇది సేవ. నమ్మకం ఊతమూ అవుతుంది, 'దేవుడు నన్ను శిక్షిస్తున్నాడు' అన్న కుంగుబాటూ అవుతుందని పార్గమెంట్ అనే పరిశోధకుడు రాశాడు. వేధింపుకు గురైన అమ్మాయి దాన్ని దేవుడు పెట్టిన పరీక్ష అనుకుంటే ఆమె నోరు విప్పదు.

దీపాలు పట్టుకుని విద్యార్థినులు చేసే నైటింగేల్ ప్రతిజ్ఞ నైటింగేల్ రాసింది కాదు. 1893లో అమెరికాలోని డెట్రాయిట్‌లో తయారైంది. వైద్యుడికి విధేయంగా తోడ్పడతానన్న మాట అందులోదే. నైటింగేల్ సంగతి వేరు. 1837లో దేవుడు తనను పిలిచాడని ఆమె నమ్మింది. ఆ నమ్మకంతోనే క్రిమియా యుద్ధం తర్వాత సైనికుల మరణాల లెక్కలు తీసి ప్రభుత్వాన్ని నిలదీసింది. ఈ రెండో సగం మన పిల్లలకు ఎవరూ చెప్పరు.

ముంబయి కెఇఎం ఆసుపత్రి నర్సు అరుణా షాన్‌బాగ్‌పై 1973లో అక్కడి పనివాడే అత్యాచారం చేశాడు. 2015లో చనిపోయేవరకు తోటి నర్సులే ఆమెను సాకారు. ఆ సేవను దేశమంతా కొనియాడింది. దాడి జరిగినప్పుడు అదే నర్సులు రక్షణ కోసం సమ్మె చేసిన సంగతి మాత్రం తక్కువమందికి గుర్తుంది.

మనం చేయగల పనులున్నాయి. వార్డులో మరణం జరిగిన రోజున విద్యార్థినులు ఓ అరగంట కూర్చుని మాట్లాడుకునే వీలు అడగవచ్చు. ఏ దేవుడి పటమూ లేని ఒక గది అడగవచ్చు. ప్రార్థించుకునేవాళ్లు ప్రార్థించుకుంటారు, ఊరికే కూర్చునేవాళ్లు కూర్చుంటారు. ఇక 2013 నాటి లైంగిక వేధింపుల నిరోధక చట్టంలో 'పనిచేసే చోటు' అంటే ఆసుపత్రి కూడా. ఫిర్యాదు చేసే స్త్రీ అక్కడ ఉద్యోగినే కానక్కరలేదు, విద్యార్థిని కూడా చేయవచ్చు. గడువు మూడు నెలలు. తగిన కారణం ఉంటే మరో మూడు నెలలు పొడిగించవచ్చు. పదిమంది, అంతకుమించి పనిచేసే ప్రతిచోటా అంతర్గత కమిటీ ఉండాలి, దాన్ని వేసిన ఉత్తర్వు అందరికీ కనిపించేచోట పెట్టాలి. వచ్చే నెల మీ మీ ఊళ్లలో నర్సింగ్ హాస్టళ్లకు వెళ్లినప్పుడు ముందు నోటీసు బోర్డు చూడండి. ప్రార్థన వేళలు ఉంటాయి. వాటి పక్కన కమిటీ సభ్యుల పేర్లు తెలుగులో ఉన్నాయో లేదో రాసుకుని రండి.